పక్షుల కోసం శ్రీలంక: కుటుంబంతో వెళ్లేవారు ముందే చూసుకోవాల్సినవి ఇవీ

పిల్లలకు ఏనుగులు చూడాలని ఉంటుంది. పెద్దవాళ్లకు ఎక్కువ నడక పనికిరాదు. ఇంట్లో పక్షుల పిచ్చి ఉన్న ఒక్కరు మాత్రం తెల్లవారకముందే బైనాక్యులర్ మెడలో వేసుకుని అడవిలో ఉండాలంటారు. ఈ ముగ్గురినీ ఒకే ప్రయాణంలో మెప్పించగల విదేశం మనకు దగ్గర్లోనే ఉంది. అదే శ్రీలంక. హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా వెళ్తే సుమారు రెండు గంటల ప్రయాణం. గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు, అక్కడా మన సమయమే.

శ్రీలంక విస్తీర్ణం సుమారు 65,600 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో 60 శాతం కూడా ఉండదు. అంత చిన్న ద్వీపంలో 400కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. వాటిలో 30కి పైగా ప్రపంచంలో మరెక్కడా కనిపించవు.

అయితే ఇలాంటి ప్రయాణాలు చెడేది పక్షులు కనిపించక కాదు. పిల్లల పాస్‌పోర్ట్ గడువు చూసుకోకపోవడం, వానాకాలంలో టికెట్లు కొనడం, వారంలో ఆరు ఊళ్లు తిరగాలనుకోవడం. ఎక్కువగా దెబ్బతీసేవి ఈ మూడే. కాబట్టి ప్రణాళిక కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఏ సెలవుల్లో వెళ్లాలి?

శ్రీలంకకు రెండు రుతుపవనాలు. నైరుతి రుతుపవనాలు మే నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి భాగాన్ని, కొండలను తడుపుతాయి. ఈశాన్య రుతుపవనాలు సుమారు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు తూర్పు, ఉత్తర ప్రాంతాలకు వానలు తెస్తాయి. ఈ దేశానికే పరిమితమైన పక్షులు ఎక్కువగా ఉండేది నైరుతి అడవుల్లో, కొండల్లో. వలస పక్షులు అక్టోబర్ నుంచి ఏప్రిల్ వరకు ఉంటాయి. రెండూ కలిసొచ్చేది జనవరి నుంచి మార్చి వరకు.

మన బడి సెలవులతో పోల్చి చూస్తే లెక్క ఇలా తేలుతుంది.

సంక్రాంతి సెలవులు: అన్నిటికన్నా అనువైన సమయం. ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా సెలవులు ఎక్కువ రోజులు ఉంటాయి కనుక వారం ప్రయాణం సరిపోతుంది. తెలంగాణవారు ఒక మజిలీ తగ్గించుకోవాలి.

దసరా సెలవులు: వలస పక్షులు అప్పుడప్పుడే వస్తుంటాయి. మధ్యాహ్నాల్లో ఉరుములతో వానలు పడొచ్చు. ఉదయం వేళలు మాత్రం తరచుగా బాగానే ఉంటాయి.

వేసవి సెలవులు: ఏప్రిల్ చివరికి వలస పక్షులు చాలావరకు వెళ్లిపోతాయి. మే నుంచి నైరుతి అడవుల్లో వానలు. స్థానిక జాతులు కనిపిస్తాయి గానీ చిన్నపిల్లలతో కష్టం. ఏప్రిల్ మధ్యలో సింహళ, తమిళ నూతన సంవత్సరం వస్తుంది. అప్పుడు దుకాణాలు మూసి ఉంటాయి, నువారా ఎలియాలో గదులు దొరకడం కష్టం.

మరో విషయం. ప్రతి పౌర్ణమీ అక్కడ ‘పోయా’ పేరిట ప్రభుత్వ సెలవు. ఆ రోజు పార్కుల్లో, గుళ్లలో రద్దీ ఎక్కువ. తేదీలు ఖరారు చేసే ముందు పంచాంగం ఒకసారి చూసుకోండి.

కాగితాలు: ముందు పిల్లలవి చూడండి

శ్రీలంకలో అడుగుపెట్టే రోజుకు పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పెద్దల పాస్‌పోర్ట్ పదేళ్లకు వస్తుంది. పిల్లలది ఐదేళ్లకు లేదా 18 ఏళ్లు నిండే వరకు, ఏది ముందైతే అంతవరకే. తల్లిదండ్రులు తమ గడువు చూసుకుని అందరిదీ బాగానే ఉందనుకోవడం ఇక్కడే పొరపాటవుతుంది.

18 ఏళ్లలోపు పిల్లల 36 పేజీల పాస్‌పోర్ట్‌కు సాధారణ రుసుము రూ.1,000, తత్కాల్‌లో అదనంగా రూ.2,000. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు కొత్త దరఖాస్తుపై 10 శాతం రాయితీ ఉంది. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్జర్-డి ఇవ్వాలి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే చెల్లుతుంది.

మన దగ్గర ఎక్కువగా వచ్చే చిక్కు ఇంటిపేరుతో. బడి రికార్డుల్లో ఇంటిపేరు ఒక అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో దాన్ని పూర్తిగా రాయాలి. విమాన టికెట్‌లో, వీసా దరఖాస్తులో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా నింపండి.

శ్రీలంకకు వెళ్లేముందు ఆన్‌లైన్‌లో ఈటీఏ, అంటే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. చంటిపిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ విడిగా దరఖాస్తు చేయాలి. రుసుములు, మినహాయింపులు గత కొన్నేళ్లలో పలుమార్లు మారాయి. అందుకే ఎవరో చెప్పిన మొత్తాన్ని నమ్ముకోకుండా శ్రీలంక ప్రభుత్వ సైట్ ‘ఈటీఏ.గవ్.ఎల్‌కే’లోనే చూడండి. దాన్ని పోలిన పేర్లతో ఎక్కువ డబ్బు వసూలు చేసే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర ‘గవ్.ఎల్‌కే’ ఉందో లేదో గమనించండి.

తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి సమ్మతి లేఖ, పిల్లల జనన ధ్రువీకరణ పత్రం నకలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

డబ్బు: టీసీఎస్ గుర్తుందా?

విమానం, హోటల్ వంటివి కలిపి ప్యాకేజీగా కొంటే ట్రావెల్ సంస్థ మీ దగ్గర టీసీఎస్ వసూలు చేస్తుంది. ఇది అదనపు ఖర్చు కాదు, ముందుగా కట్టే ఆదాయపు పన్ను. మీ పాన్ ఖాతాలో జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు పొందొచ్చు. ఉద్యోగులు తమ సంస్థకు వివరాలిస్తే జీతంలో కోసే టీడీఎస్‌లోనే తగ్గించుకునే వీలుంది. కేవలం విమాన టికెట్ లేదా కేవలం హోటల్ విడిగా కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు. రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు ఎంత శాతం వసూలు చేస్తున్నారో అడిగి, రసీదులో పాన్ నంబర్ సరిగా ఉందో చూసుకోండి.

శ్రీలంకలో యూపీఐ చెల్లింపులు 2024 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. క్యూఆర్ కోడ్ ఉన్న దుకాణాల్లో పనిచేస్తుంది. అడవుల దగ్గర టికెట్లకు, జీపులకు, గైడ్‌లకు మాత్రం శ్రీలంక రూపాయల నగదు ఉండాల్సిందే.

కెమెరా, బైనాక్యులర్ తీసుకెళ్తుంటే

ఖరీదైన కెమెరా, పెద్ద లెన్స్ ఉంటే వెళ్లేటప్పుడే మన విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారులకు చూపి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. వస్తువు సీరియల్ నంబర్ అందులో రాస్తారు. తిరిగొచ్చేటప్పుడు ‘విదేశంలో కొన్నారా’ అనే ప్రశ్న వస్తే ఈ కాగితమే జవాబు. బిల్లు దగ్గర ఉంచుకుని, మామూలు కన్నా కాస్త ముందుగా విమానాశ్రయం చేరుకోండి.

బైనాక్యులర్‌పై 8x42 అని ఉంటే, మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. పిల్లలకు తేలికగా ఉండే 8x30, 8x32 చాలు. ఇంటికి ఒకటే ఉంటే తగాదా ఖాయం. పక్షి ఎగిరిపోయేలోగా అది రెండో చేతికి అందదు.

డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. అక్కడ ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో శ్రీలంక పక్షుల ప్యాక్‌ను ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేని అడవిలోనూ పనిచేస్తుంది.

ఎక్కడెక్కడ, ఎన్ని రాత్రులు?

మ్యాప్‌లో దూరాలు తక్కువగా కనిపిస్తాయి. రోడ్లు మాత్రం ఇరుకు, మలుపులు ఎక్కువ. ఎక్స్‌ప్రెస్‌వే దాటాక గంటకు 30, 40 కిలోమీటర్లకు మించి సాగదు. అందుకే నాలుగు మజిలీలు, ఏడు రాత్రులు అనుకోండి.

నెగొంబో (1 రాత్రి): కొలంబో విమానాశ్రయం నిజానికి ఉన్నది ఈ ఊరి పక్కనే, కటునాయకెలో. మొదటి రోజే దూర ప్రయాణం పెట్టుకోకండి. మర్నాడు ఉదయం ముత్తురాజవెల చిత్తడి నేలలో పడవపై తిరిగితే కొంగలు, లకుముకి పిట్టలు పిల్లలకు దగ్గరగా కనిపిస్తాయి.

సింహరాజ (2 రాత్రులు): యునెస్కో 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన వర్షారణ్యం. ఇది అటవీ శాఖ కింద ఉంది. గైడ్‌ను వెంటబెట్టుకుని నడవాలి. ఇక్కడ రకరకాల పక్షులు ఒకే గుంపుగా కదులుతాయి. అరగంట నిశ్శబ్దంగా ఉన్న అడవి ఒక్కసారిగా పిట్టలతో నిండిపోతుంది. శ్రీలంక బ్లూ మ్యాగ్‌పై, రెడ్ ఫేస్‌డ్ మాల్కోహ, ఆ దేశ జాతీయ పక్షి అయిన శ్రీలంక అడవి కోడి ఇక్కడ చూడొచ్చు. శాస్త్రలోకానికి 2001లోనే తెలిసిన సెరెండిబ్ గుడ్లగూబ కూడా ఈ అడవుల్లోనే ఉంటుంది. జలగలు తప్పవు. మోకాళ్ల దాకా వచ్చే జలగ మేజోళ్లు కొనండి, పిల్లలకు ముందే చెప్పి సిద్ధం చేయండి. నడవలేని పెద్దవారు బసలోనే కూర్చున్నా తోటలోకి చాలా పక్షులు వస్తాయి. చెట్లకు దగ్గరగా ఉన్న బస ఎంచుకోండి.

ఉడవలవె (2 రాత్రులు): ఇది పిల్లల మజిలీ. జీపు దిగక్కర్లేదు, ఏనుగులు ఏడాదంతా కనిపిస్తాయి. గద్దలు, కొంగలు, నెమళ్లు అదే దారిలో ఉంటాయి. పక్కనే తల్లిని కోల్పోయిన ఏనుగు పిల్లలను పెంచి తిరిగి అడవిలో వదిలే ప్రభుత్వ కేంద్రం ఉంది. వాటికి పాలు పట్టే సమయంలో గ్యాలరీ నుంచి చూడనిస్తారు.

నువారా ఎలియా (2 రాత్రులు): సుమారు 1,870 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. జనవరిలో రాత్రిళ్లు స్వెటర్లు తప్పనిసరి. ఊరి మధ్యలోని విక్టోరియా పార్కులో చలికాలంలో పైడ్ థ్రష్, కశ్మీర్ నుంచి వచ్చే కశ్మీర్ ఫ్లైక్యాచర్ కనిపిస్తాయి. మన పొన్నంకి పిట్ట కూడా చలికాలానికి ఇక్కడికి వస్తుంది. దీని శాస్త్రీయ నామంలోని ‘పిట్టా’ మన తెలుగు ‘పిట్ట’ నుంచే వెళ్లిందని పిల్లలకు చెప్పండి. దగ్గర్లోని హోర్టన్ ప్లెయిన్స్‌లో చుట్టు నడక తొమ్మిది కిలోమీటర్లకు పైనే. చిన్నపిల్లలుంటే మొదటి కిలోమీటరు దాకా వెళ్లి వెనక్కి రావడమే మేలు.

2025 నవంబర్ చివర్లో దిత్వా తుపానుకు ఈ కొండ ప్రాంతంలో చరియలు విరిగిపడి రోడ్లు, రైలు మార్గం దెబ్బతిన్నాయి. కొండ రైలు ఎక్కాలనుకునేవారు ఏ భాగంలో రైళ్లు నడుస్తున్నాయో చూసుకునే టికెట్లు కొనాలి. తిరుగు ప్రయాణంలో ఇక్కడి నుంచి విమానాశ్రయానికి ఐదారు గంటలు పడుతుంది. రాత్రి విమానమైతేనే ఆ రోజు బయల్దేరండి. ఒక మజిలీ తగ్గించాల్సి వస్తే, చిన్నపిల్లలున్నవారు నువారా ఎలియాను, పెద్ద పిల్లలున్నవారు ఉడవలవెను వదులుకోవచ్చు.

రోజును ఎలా పంచుకోవాలి?

పక్షులు చురుగ్గా ఉండేది తెల్లవారుజాము నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం. మధ్యాహ్నం వాటికీ విశ్రాంతే. కాబట్టి ఉదయం మూడు గంటలు పక్షులకు, తర్వాతి సమయమంతా కుటుంబానికి. ప్రతి మజిలీలో ఒక ఉదయం అందరూ కలిసి, ఇంకో ఉదయం ఆసక్తి ఉన్నవారు మాత్రమే వెళ్లండి. మిగతావారిని నిద్రపోనివ్వండి. ఈ మాట ఇంటి దగ్గరే అనుకుంటే అక్కడ అలకలు ఉండవు.

పార్కు ప్రవేశ రుసుములో మనిషికి టికెట్, వాహనానికి రుసుము, సేవా రుసుము, పన్ను విడివిడిగా ఉంటాయి. జీపు అద్దె వేరే. ‘మొత్తం ఎంత’ అని రాతపూర్వకంగా అడగండి. పిల్లలకు, సార్క్ దేశాలవారికి రాయితీ ఉందేమో కౌంటర్‌లో కనుక్కోండి, పాస్‌పోర్ట్‌లు వెంట ఉంచుకోండి. గైడ్‌కు శ్రీలంక పర్యాటక సంస్థ లైసెన్స్ ఉందో లేదో చూడండి.

ఈకలు, గుడ్లు, గవ్వలు, పగడాలు ఏవీ ఏరుకోవద్దు. శ్రీలంక వన్యప్రాణి చట్టం, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండూ కఠినమైనవే. పిల్లల సంచులు ఒకసారి తిరగేయండి. పక్షిని రప్పించడానికి ఫోన్‌లో దాని కూత మోగించడం, గూటి దగ్గరికి వెళ్లడం కూడా వద్దు.

ముందు ఇక్కడ ఒక ఉదయం

టికెట్లు కొనేముందు ఒక ఆదివారం హైదరాబాద్‌వారు అమీన్‌పూర్ చెరువుకు, గుంటూరు, విజయవాడవారు ఉప్పలపాడుకు, నెల్లూరు, తిరుపతివారు నేలపట్టుకు వెళ్లి రండి. పిల్లలు ఎంతసేపు ఓపిక పడతారు, బైనాక్యులర్ ఎవరికి అమరుతుంది, ఇంట్లో ఎవరికి అసలు ఆసక్తి లేదు, అన్నీ ఆ మూడు గంటల్లో తెలిసిపోతాయి. మరో లాభమూ ఉంది. గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు ఇక్కడే చూసేస్తే శ్రీలంకలో ఆ సమయాన్ని అక్కడ మాత్రమే ఉండే పక్షులకు ఇవ్వొచ్చు.

అత్యవసరమైతే

అంబులెన్స్‌కు 1990. ఇది ఉచితం. మన 108 తరహాలో భారత ప్రభుత్వ ఆర్థిక సాయంతో 2016లో మొదలైంది. 108 నడిపిన హైదరాబాద్ సంస్థ ఈఎంఆర్‌ఐ దాన్ని అక్కడ నెలకొల్పింది. పోలీసులకు 119, పర్యాటకుల సహాయానికి 1912. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు ఫిర్యాదు, తర్వాత కొలంబోలోని భారత హైకమిషన్. క్యాండీలోనూ మన అసిస్టెంట్ హైకమిషన్ ఉంది. డెంగీ ఉన్న దేశం కనుక దోమల మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ప్రయాణ బీమా మరవద్దు.

ఎప్పుడు ఏం చేయాలి?

- నాలుగు నెలల ముందు: అందరి పాస్‌పోర్ట్ గడువులు, పిల్లల రెన్యువల్, సెలవుల తేదీలు.
- రెండు మూడు నెలల ముందు: విమాన టికెట్లు, బసలు, గైడ్, ఇక్కడ ఒక ఉదయం సాధన.
- నెల ముందు: ఈటీఏ, బీమా, జలగ మేజోళ్లు, రోడ్లు, రైళ్ల పరిస్థితి.
- వారం ముందు: కెమెరా బిల్లులు, యాప్ డౌన్‌లోడ్, పాస్‌పోర్ట్, ఈటీఏ నకళ్లు రెండు సెట్లు.
- బయల్దేరే రోజు: కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, బైనాక్యులర్ చేతి సంచిలో.