తిరగేసిన పూలదండ

ముక్తేశ్వరం వాళ్ళకి గోదావరి దాటడమంటే కోటిపల్లి రేవే. కాని కాలవే నదిని దాటే వింత చూడాలంటే పి.గన్నవరం వెళ్ళాలి. కింద వైనతేయ గోదావరి, పైన కాలవ! కాటన్ దొర హయాంలో, 1850లలో, లెఫ్టినెంట్ హేగ్ కట్టించిన అక్విడెక్టు అది. 49 కమానులు, ఒక్కొక్కటీ 40 అడుగుల వెడల్పు. నగరం లంకలో వరి పండిందంటే వాటి చలవే. 2000లో పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అన్నం పెట్టిన తల్లి పేరు నీళ్ళకి పెట్టడం ఎంత బాగుందో!

ఇనుమూ సిమెంటూ లేకుండా, గానుగ సున్నంతో కట్టిన కమాను అంత బరువు ఎలా మోస్తుంది? ఆర్ట్సు చదివిన నాకు ఆ సంగతి పూలదండ వల్ల తెలిసింది. దండ రెండు కొసలూ పట్టుకుని వేలాడదీయండి. ప్రతి పువ్వూ పక్క పువ్వుని లాగుతుంది. ఆ వంపుని తిరగేస్తే కమాను. ఇప్పుడు ప్రతి రాయీ పక్క రాయిని నెడుతుంది. రాయి నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే విడిపోతుంది. ఈ కిటుకు 17వ శతాబ్దంలోనే రాబర్ట్ హుక్ చెప్పాడు. 1740లలో రోములో సెయింట్ పీటర్స్ గుమ్మటం బీటలు వారితే, పోలేనీ అనే ఇటలీ పండితుడు గుమ్మటం బరువులకి తగ్గట్టు గుళ్ళు గుచ్చి వేలాడదీసి చూశాడు. ఆ వంపు గుమ్మటం మందంలోనే ఇమిడింది. కూలదు గాని ఇనప పట్టీలు బిగించమన్నాడు. బిగించారు కూడా, గుమ్మటానికి వడ్డాణాల్లా.

ఇప్పుడా దండ పని కంప్యూటరు చేస్తోంది. కట్టడాన్ని లేజరుతో కొలిచి, లెక్కలో వేల ముక్కలు చేసి, ఏ ముక్క మీద ఎంత భారం పడుతోంది, పునాది ఓ అంగుళం కుంగితే బీట ఎక్కడ పుడుతుంది అన్నీ చెబుతుంది. అయితే సున్నం ఎంత గట్టిగా ఉందో, గోడ లోపల రాయి ఉందో, ఉత్త మట్టే ఉందో ఎవరో చూసి చెప్పాలి. ఉప్పు వేశారో లేదో తెలియకుండా పులుసు రుచి ఎవరు చెప్పగలరు?

శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. బీటలు ముందే కనిపించాయి. 2017లో కొత్త గోపురం వచ్చింది. దణ్ణం పెట్టుకున్నాను గాని, రాయలవారి కాలంనాటి గోడ మరి లేదు కదా!

అప్పట్నించీ ఏ పాత కట్టడం చూసినా ముందు రావి మొక్క కోసం వెతుకుతాను. సందులో వేరు దూరిందంటే రాళ్ళ మధ్య పట్టు సడలినట్టే. మొన్న గన్నవరంలోనూ తలెత్తి ఒక్కో కమానూ చూస్తూంటే, గట్టుమీద వలలు ఆరేసుకుంటున్న ముసలాయన అడిగాడు:

“ఏవండీ అమ్మగారూ, పైకి చూసి ఏం ఎతుకుతున్నారండీ?”