నంది నుంచి గద్దర్ దాకా: అవార్డుల జాబితాలో మన పేరెక్కడ?

2025 మే నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ సినిమా అవార్డులు ప్రకటించింది. 2024లో వచ్చిన సినిమాలకు అన్ని విభాగాల్లోనూ, 2014 నుంచి 2023 దాకా వచ్చినవాటిలో ఏడాదికి మూడేసి ఉత్తమ చిత్రాలకూ అవార్డులు ఇచ్చారు. జూన్ 14న హైదరాబాదు హైటెక్స్‌లో సభ జరిగింది. ఏ హీరోకి వచ్చింది, ఏ హీరోకి రాలేదు అన్న చర్చే ఎక్కువగా నడిచింది. మేము అడగదలుచుకున్నది వేరు. ఒక దళితుడి పేరు మీద ప్రభుత్వం అవార్డు పెట్టాక ఆ జాబితా స్వభావం మారిందా? మారకపోతే ఎందుకు మారలేదు? ఇది ఒక్క ఏడాది లెక్కతో తేలేది కాదు. అరవయ్యేళ్ల చరిత్ర తిరగేయాలి.

లేపాక్షి బసవన్న

1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమా అవార్డులు మొదలుపెట్టి వాటికి 'నంది' అని పేరు పెట్టింది. మొదటి ఏడాది ఉత్తమ చిత్రం 'డాక్టర్ చక్రవర్తి'. ఆ నంది లేపాక్షి బసవన్న. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలోనూ, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనూ ఉన్న ఊరది. మా గాండ్లపెంట కదిరి పక్కన, లేపాక్షి హిందూపురం పక్కన. రెండూ ఒకే జిల్లా, ఒకే కరువు నేల. చెనిక్కాయ పంట పోతే రెండు చోట్లా బెంగుళూరు బస్సెక్కాల్సిందే.

ఆ బసవన్న ఏకశిల. సుమారు పదిహేనడుగుల ఎత్తు, ఇరవయ్యేడు అడుగుల పొడవు. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో పెనుకొండ అధికారం చూసిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు లేపాక్షి గుడి కట్టించారని చరిత్ర చెబుతుంది. కట్టించినవాళ్ల పేర్లు నిలిచాయి. గైడ్లు విరూపణ్ణ కథ ఈనాటికీ చెబుతారు. ఆ గుండుని ఉలితో తొలిచినవాళ్ల, బండలు లాగినవాళ్ల, వాళ్లకి నీళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు ఏ గైడూ చెప్పడు. కట్టించినవాడిదే పేరు, కష్టపడినవాడిది కూలి. మద్రాసు రాష్ట్రంలో దళితులకి గుడి తలుపులు తెరిచే చట్టం 1947లో గానీ గట్టిగా రాలేదు. అంటే ఆ బసవన్నని సినిమా కళకు గుర్తుగా ఎంచుకునే నాటికి మావాళ్లకి గుడిలో కాలు పెట్టే హక్కు కాగితం మీద వచ్చి పదిహేడేళ్లే.

గుడి గుర్తు పెట్టడం తప్పని మేమనడం లేదు. రాయి అందమైనదే, ఆ అందం మా చేతులది కూడా. గమనించాల్సింది ఏమంటే, పేరుకీ పనికీ మధ్య గుడిలో ఉన్న దూరమే అవార్డులోకీ వచ్చింది. ప్రభుత్వం కట్టించినవాడి చోట నిర్మాతని నిలబెట్టింది. ఉలి పట్టినవాడి చోటు ఖాళీగానే ఉండిపోయింది. 2017 నవంబరులో 2014, 2015, 2016 సంవత్సరాల నందులు ప్రకటించినప్పుడు పెద్ద రచ్చ జరిగింది. ఆ నంది కొలువున్న హిందూపురం నియోజకవర్గపు ఎమ్మెల్యే బాలకృష్ణే 2014 ఉత్తమ నటుడు. పరిశ్రమలో పెద్దలు ఒకరినొకరు తిట్టుకున్నారు. ఆ గొడవంతా పెద్దిళ్ల మధ్య పంపకాల గొడవ. ఆ పంపకంలో మా వాటా ఎంత అన్న ప్రశ్న ఆ తిట్లలో ఒక్కసారీ వినపడలేదు.

వద్దన్నవాడి పేరు

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టాడు. బ్యాంకు ఉద్యోగం వదిలి జననాట్య మండలితో ఊరూరా తిరిగాడు. గొంగడి, కర్ర, కాలి గజ్జె ఆయన వేదిక. 'మాభూమి' సినిమాలో ఆయన గొంతు విని పట్నంవాళ్లు కూడా లేచి కూచున్నారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలని చంపినప్పుడు ఆ చావుల మీద పాట కట్టాడు.

1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకి ప్రభుత్వం ఆయనకి నంది ఇచ్చింది. ఆయన తీసుకోలేదు. సరిగ్గా ఆ కాలంలోనే ఆ రాష్ట్రంలో ఎన్‌కౌంటర్లు జరుగుతున్నాయి. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటిదగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చనిపోయేదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న పోయాడు. అది చుండూరు దినం. 1991లో అదే తేదీన చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికారు.

2024 జనవరి 31న, ఆయన జయంతినాడు, నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరు మీద అవార్డులు ఇస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించారు. మరుసటి ఏడాది పద్మ పురస్కారాలకి రాష్ట్రం గద్దర్ పేరు పంపితే కేంద్రం ఇవ్వలేదు. కాబట్టి రాష్ట్రం చేసిన పనిని చిన్నచూపు చూడకూడదు. రాతి బసవన్న చోట ఒక మాదిగ డప్పు ఎరిగిన మనిషి పేరు రావడం మా తరానికి గర్వమే. ఐతే చరిత్ర విద్యార్థులుగా ఒకటి మరిచిపోరాదు. ఈ అవార్డు ఒక తిరస్కారానికి పెట్టిన పేరు. వద్దన్నవాడి పేరు మీద ఇస్తున్నప్పుడు, ఎందుకు వద్దన్నాడో ఆ ప్రశ్నని కూడా అవార్డుతో పాటు తీసుకోవాలి. పేరు తీసుకుని ప్రశ్నని వదిలేస్తే అది గౌరవం కాదు, కైవశం చేసుకోవడం.

ఏడిస్తే బహుమతి

తెలుగు సినిమాకి మా వాడలు కొత్తేమీ కాదు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. ఆ రోజుల్లో అది సాహసమే. కాని మాలవాడ గురించి మాట్లాడింది బయటివాళ్లు, వాళ్లు మాట్లాడింది కూడా బయటివాళ్ల మనసు మార్చడానికి. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' కథని 'ఒక ఊరి కథ'గా తీస్తే దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కోడలు పురిటినొప్పులతో చస్తుంటే కదలని తండ్రీకొడుకుల కథ. మూలకథలో వాళ్లు చమార్లు. దళితుణ్ణి సోమరిగా, మనసు చచ్చినవాడిగా గీసిన కథ కాదా ఇది అని హిందీలో దళిత విమర్శకులు గట్టిగానే నిలదీశారు. 1988లో బి.నర్సింగరావు 'దాసి' తీశాడు. గడీలో నలిగిన ఆడమనిషి పాత్రకి అర్చన జాతీయ ఉత్తమ నటి అయింది. నిజాయితీగా తీసిన సినిమా. అందులో మాకు పేచీ లేదు.

ఈ వరస చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మన మనిషి నలిగినప్పుడు, ఏడ్చినప్పుడు, చచ్చినప్పుడు బహుమతి వస్తుంది. 2025 జాబితాలో 2021 వరసలో ఉన్న 'ఉప్పెన'లోనూ శిక్ష పడేది తక్కువ కులం కుర్రవాడి ఒంటి మీదే. అదే మన మనిషి తిరగబడి తన కథ తానే చెప్పుకుంటే ఏమవుతుంది? జానపద కళాకారులైన దళిత అన్నదమ్ముల కథతో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' 2020లో వచ్చింది. ఆ ఏడాది మూడు ఉత్తమ చిత్రాల్లో అది లేదు. 'అల వైకుంఠపురములో' ఉంది. పదకొండేళ్లకి ముప్పైమూడు ఉత్తమ చిత్రాలు ఎంచారు. అందులో కారంచేడు లేదు, చుండూరు లేదు. ఎవరి పేరు మీద అవార్డో ఆ మనిషి ఏ చావుల మీద పాట కట్టాడో ఆ చావులకి అక్కడ చోటు లేదు.

మంచిని కూడా లెక్కలో వేయాలి. 2024కి రెండో ఉత్తమ చిత్రం 'పొట్టేల్', బిడ్డ చదువు కోసం ఒక పేద తండ్రి పడిన పోరాటం. మొదటిది 'కల్కి 2898 ఏడి'. ఇక చరిత్ర, వారసత్వం విభాగంలో 'రజాకార్'కి ఇచ్చారు. ఇక్కడ ఆగాలి. గద్దర్ పాడిన తెలంగాణ భూమి కోసం దొరల మీద లేచిన తెలంగాణ. దాన్ని రెండు మతాల కొట్లాటగా చూసే కంటికి వెట్టిచాకిరీ కనపడదు, దేశ్‌ముఖ్ కనపడడు. నిజాం మంత్రివర్గంలో కూచున్న దళిత నాయకుడు బి.ఎస్.వెంకటరావు గానీ, 1948లో హైదరాబాదు ప్రతినిధి బృందంలో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బి.శ్యామసుందర్ గానీ ఎందుకు ఆ దారి పట్టారో ఆ కంటికి అర్థం కాదు. గద్దర్ పేరుతో ఇచ్చే చరిత్ర బహుమతికి ఇది తగునా?

ఇద్దరు మొగిలయ్యలు

2023కి మొదటి ఉత్తమ చిత్రం 'బలగం'. ఆ సినిమా చివర్లో ఊళ్లకి ఊళ్లు ఏడ్చింది ఒక పాటకి. పాడింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వరంగల్ వైపు బుడగజంగాలు. చావింట పాడే పాట వాళ్ల కులవృత్తి. కిడ్నీలు పాడై, డయాలసిస్ మీద బతికి, 2024 డిసెంబరులో మొగిలయ్య పోయాడు. అవార్డు సభ జరిగింది ఆరు నెలల తర్వాత.

ఇంకో మొగిలయ్య కిన్నెర మొగులయ్య. మాదిగలకి జాంబపురాణం చెప్పే డక్కలి కులం మనిషి. 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు మోగింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నాడని పేపర్లు రాశాయి.

ఇందులో ఏ ఒక్క మనిషి దుర్మార్గమో వెతకడం మా ఉద్దేశం కాదు. ఆదుకున్నవాళ్లు ఉన్నారు. కాని ఆదుకోవడం వేరు, వాటా వేరు. అవార్డుల విభాగాలు చూడండి: కథ, మాటలు, పాట, సంగీతం, గానం. ప్రతిదానికీ సంతకం పెట్టే ఒక మనిషి కావాలి. మన కళకి సంతకం ఉండదు. తాత నుంచి మనవడికి, వాడ నుంచి వాడకి వస్తుంది. ఆ దరువు సినిమాలోకి పోగానే దాని మీద ఇంకొకరి సంతకం పడుతుంది. పైగా 2024 అవార్డులకి అన్ని విభాగాల్లో కలిపి 1,248 నామినేషన్లు వచ్చాయి. అందులో 1,172 వ్యక్తిగత విభాగాలవే. నామినేషన్ అంటే కాగితం నింపి పంపగలగడం. మా గాండ్లపెంట వైపు జాతరలో తప్పెట కొట్టేవాడు, స్టూడియోకి పోయి ఒక పూట పలక వాయించి కూలి తీసుకుని వచ్చేవాడు ఏ విభాగంలో కాగితం నింపాలి?

అధికారంలో ఉన్న గుర్తింపు ఎంత ముఖ్యమో బుడగజంగాలకి బాగా తెలుసు. తెలంగాణ జిల్లాల్లో వాళ్లు ఎస్సీ జాబితాలో ఉన్నారు. మా రాయలసీమలో అదే కులం, అదే తంబుర, అదే చావుపాట. కాని ఆ జాబితాలో చోటు కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటూ వచ్చారు. జాబితాలో పేరు లేకపోవడం అంటే పిల్లకి హాస్టలు సీటు లేకపోవడం, స్కాలర్‌షిప్పు లేకపోవడం. మా ఇళ్లలో మొదటగా యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం మేము. ఒక్క కాగితంలో పేరుండటం, లేకపోవడం మధ్య ఎన్ని తరాల దూరం ఉందో మాకు పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేదు.

ఏం అడగాలి

హీరోలకిచ్చే అవార్డులు తీసేయమని మేము అడగడం లేదు. గద్దర్ పేరు నిలవాలంటే మూడు పనులు జరగాలి. ఒకటి, జానపద బాణీ గానీ దరువు గానీ వాడిన ప్రతి సినిమా అది ఏ కులం, ఏ ఊరి కళాకారుల దగ్గర తీసుకుందో తెరమీద వేయాలి. వేయనివాటిని సంగీతం, పాట విభాగాల్లో పరిశీలనకే తీసుకోకూడదు. రెండు, పాడినవాళ్లకి, వాయించినవాళ్లకి బృందంగా అవార్డు ఉండాలి, దానికి నిర్మాత కాగితంతో పని ఉండకూడదు. మూడు, జ్యూరీలో దళిత, ఆదివాసీ, సంచార కులాల కళాకారులు, పరిశోధకులు ఉండాలి.

ఈలోగా మన పని మనం చేసుకోవాలి. ఏ ఊరి వాడలో ఎవరు తప్పెట కొడతారు, ఎవరు ఏ సినిమాకి పాడి వచ్చారు, ఎంత కూలి ఇచ్చారు, తెరమీద పేరు పడిందా లేదా అని విద్యార్థులు, ఉపాధ్యాయులు మండలానికి ఒక జాబితా రాయాలి. లేపాక్షి బసవన్నని చెక్కినవాళ్ల పేర్లు రాసిపెట్టినవాళ్లు ఆనాడు లేరు. ఈనాడు రాయడం వచ్చినవాళ్లం మనం ఉన్నాం.