ఒక మహాసభ అనేక గోష్ఠులైన వృత్తాంతము

బహుభాషా జనులు ఒక్కచోట గుమిగూడి ఒక్క సభగా మాటలాడుకొన యత్నించునపుడు ఎవరి మాట వినబడును, ఎవరిది వినబడదు అను ప్రశ్న హైదరాబాదు నగరమునకు క్రొత్తది కాదు. ఒక దిక్కున మాధాపురపు గాజు సౌధములును, వేరొక దిక్కున సనత్‌నగరపు కర్మాగారములును గలిగి, నడుమ సైటు 1, సైటు 2, సైటు 3 అని అంకెలతోనే పిలువబడు వాడలు గల బోరబండలో నేడు నలుగురు కూడి నీటి సంగతియో, మురుగుకాలువ సంగతియో మాటలాడ నారంభించినను తెలుగు, ఉర్దూ, హిందీ మూడును ఒకదానినొకటి త్రోసికొనుచునే యుండును. బోరబండ యింకను నగరపు లెక్కలో చేరని 1921వ సంవత్సరమున, ఈ నగరముననే కోఠీ ప్రాంతమునందు, ఇట్టి త్రోపులాట యొకటి జరిగి, ఒక్క రాత్రిలో ఒక పెద్ద సభనుండి ఒక చిన్న సంఘమును పుట్టించినది. తెలంగాణపు ప్రజాజీవితమున తరువాతి పాతికేండ్ల చరిత్రకు అదియే మొదలు.

ఆనాటి నిజాము రాజ్యమున పదునారు జిల్లాలుండగా అందు ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడమువి. జనసంఖ్యలో సుమారు సగము తెలుగువారే. అయినను కచేరీ భాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు ఉర్దూయే. ఇక రాజధానిలోని హిందూ విద్యావంతుల సభలయందు ముందునడచినవారు మరాఠీ ప్రముఖులు. కేశవరావు కోరట్కర్, వామన్ నాయక్ వంటి ఆ పెద్దలు సంకుచితులు కారు. 1907లో వివేకవర్ధినీ పాఠశాలను నెలకొల్పిన ఉత్సాహము ఆ వర్గమువారిదే. తెలుగువారికి మాత్రము 1901లో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము తప్ప నగరమున చెప్పుకొనదగిన కూటస్థానము లేదనవచ్చును. చదువుకొన నొక తావు దొరకినది గాని, నిలిచి మాటలాడుటకు వేదిక దొరకలేదు.

1921 నవంబరులో నిజాము రాష్ట్ర సంఘ సంస్కరణ మహాసభ వివేకవర్ధినీ రంగస్థలమున కూడెను. అధ్యక్షుడు పూనాలో స్త్రీల విశ్వవిద్యాలయమును స్థాపించిన మహర్షి ధోండో కేశవ కార్వే. ఉపన్యాసములు ఉర్దూలో, మరాఠీలో, ఆంగ్లమున సాగుచుండగా ఎవరికిని అభ్యంతరము లేకపోయెను. అంతట న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు లేచి ఒక తీర్మానముపై తెలుగున ప్రసంగింప మొదలిడగనే శ్రోతలలో గొల్లుమను నవ్వులు, చప్పట్లు, హేళనలు చెలరేగి, ఆయన మాట ముందుకు సాగనీయలేదు. రాజ్యమున సగము ప్రజల భాష ఆ రాజ్యపు సంస్కరణ సభలో పరిహాసమునకు మాత్రమే పనికివచ్చినది!

ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కొందరు తెలుగువారు చేరి ఆంధ్ర జన సంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు అందలివారు. అవమానమునుండి పుట్టిన సంఘములు సాధారణముగా ఆ అవమానమునే పోషించుకొనుచు కాలము గడపును. ఇది అట్లు గడపలేదు. సంస్కరణ సభను బహిష్కరింపుడనియు, మరాఠీవారితో పొత్తు వలదనియు వారు చాటలేదు. ఉమ్మడి యింటిలో వేరు పొయ్యి పెట్టుకొనినవారు పెరటి బావిని పూడ్చుకొననట్లు, తమ పని తమ భాషలో చేసికొనుటకు ఒక గది కోరిరి, అంతే. నాటి చేదు మనసులలో నిలువలేదనుటకు సాక్ష్యము కావలెనన్న, మాడపాటివారు నారాయణగూడలో తెలుగు మాధ్యమమున నడపిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల చరిత్ర చూడవచ్చును. ఉర్దూ రాజ్యమేలు చోట తెలుగు చదువునకు గుర్తింపు దొరకక, ఆ పాఠశాల గుర్తింపును పొందినది కార్వేగారి విశ్వవిద్యాలయము నుండియే.

సంఘమునకు పనులు పెక్కులుండెను, అన్నియు ఒక్క కూటమున చర్చింపబూనిన ఏదియు తెమలదు. కనుక గ్రంథాలయములు, పాఠశాలలు, వ్రాతప్రతుల సేకరణము, శాసనముల పరిశోధనము, వర్తకుల యిక్కట్లు, పల్లెలలోని వెట్టిచాకిరి అను విషయములు క్రమముగా వేర్వేరు చేతులకు పంచుకొనబడినవి. పరిశోధనము ఆదిరాజు వీరభద్రరావుగారి పాలబడి, 1923లో గతించిన కొమర్రాజు లక్ష్మణరావుగారి పేర లక్ష్మణరాయ పరిశోధక మండలియై, తెలంగాణ శాసనములను అచ్చునకు తెచ్చినది. వర్తకుల బాధలపైనను, వెట్టిపైనను చిన్న చిన్న పుస్తకములు వెలువడినవి. అంగడిలో కూర్చున్న కోమటికిని, అధికారి సామాను మోయు నిర్బంధమున నలిగిన పల్లెవానికిని శాసనలిపితో పని లేదు; శాసనము చదువువానికి తూనికల తగవు పట్టదు. అందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టియుండిన, గట్టిగా మాటలాడువాని విషయమే సభావిషయమై మిగిలియుండెడిది. ఆ పెద్దల నేర్పు గోష్ఠులను విడదీయుటలో ఎంత కలదో, వాటిని తిరిగి ఒక త్రాట కూర్చుటలోను అంత కలదు. ఊరూర పుట్టుకొని వచ్చిన సంఘములను కలుపుటకు 1923లో ఆంధ్ర జన కేంద్ర సంఘము ఏర్పడి, హనుమకొండ, నల్లగొండ, మధిర, సూర్యాపేటలయందు వరుసగా సమావేశములు జరిపినది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు ప్రారంభించిన గోలకొండ పత్రిక ఒక గోష్ఠిలోని మాటను మరియొక గోష్ఠి చెవిని వేయుచుండెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి సభ జరుపుటకు సర్కారు అనుమతి వేడవలసిన ఆ దినములలో అచ్చుకాగితమే సభగా పనిచేసినదనుట అతిశయోక్తి కాదు.

అయితే ఈ కథను తెలుగు ఉద్యోగులు, వకీళ్లు మాత్రమే నడిపినట్లు చెప్పుట న్యాయము కాదు. పెద్ద సభలలో తమకు చోటు లేదని అంతకు ముందే గ్రహించినవారు వేరే కలరు. అస్పృశ్యులని నెట్టివేయబడిన జనులకై భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మాన్య సంఘమును స్థాపించి, వేంకటరామారావుగారు హేళనకు గురియగుటకు పదేండ్లు ముందుగనే వేరు వేదికయొక్క అక్కర చూపియుండెను. ఆ రాత్రి టేకుమాలవారి యింట కూడిన పెద్దలకు ఒక్క సాయంకాలమున అనుభవమునకు వచ్చిన దుఃఖము భాగ్యరెడ్డివర్మ జనులకు పుట్టుకనుండి వచ్చినది. స్త్రీల విషయమును ఇట్టిదే. 1930లో జోగిపేటలో సురవరమువారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినపుడు దానితోపాటుగనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ కూడ జరిగెను. పురుషుల సభలో ఒక మూల కూర్చుండి వినుటకంటె తమ సభలో తామే తీర్మానించుట మేలని ఆ స్త్రీలు తలచిరి, సరిగనే తలచిరి.

తరువాతి విభజనములను త్వరగా చెప్పి ముగింతును. 1937లో మహారాష్ట్ర పరిషత్తు, కర్ణాటక పరిషత్తు అవతరించుటతో రాజ్యపు మూడు ప్రజల భాషలకును మూడు వేదికలు అమరినవి. ఆ మూడింటి కార్యకర్తలే 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పేర ఒక్కటియై, నిషేధమును, చెరసాలను కూడ కలసి అనుభవించిరి. వేర్వేరు గదులలో పెరిగినవారు ఒక్క చావడిలోనికి రాలేరను వాదమునకు ఇంతకంటె ప్రత్యుత్తరము వలదు. కాని 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదునొకండవ ఆంధ్ర మహాసభనాటి చీలిక వేరు జాతిది. జాతీయవాదులు, కమ్యూనిస్టులు విడివడి, ఇరువురును అదే పేరు పెట్టుకొని రెండు మహాసభలు నడపిరి. పల్లెలలోని రైతుకూలీ ఆ చీలికవలన సభకు దగ్గరయైన మాట నిజమే, తరువాతి సాయుధ పోరాటము అందుకు సాక్షి. అయినను మధ్యగదిగా నున్న కేంద్ర సంఘమువంటిది లేకపోవుటచే ఆ రెండు సభలకును నడుమ మాట కలుపువారు మిగులలేదు. 1921నాటి విభజనము నోరులేనివానికి నోరిచ్చినది. 1944నాటిది నోరున్నవారిని రెండు శిబిరములుగ నిలిపినది. రెండింటిని ఒకే గాటికి కట్టి చీలికలన్నియు అనర్థములనువారి తీర్పును నేనంగీకరింపను.

ఈ ఉద్యమమును స్వయముగ నడపిన మాడపాటి హనుమంతరావుగారే తెలంగాణా ఆంధ్రోద్యమము అను గ్రంథమున దానిని వ్రాసి యుంచిరి. 2003నుండి నడచుచున్న లోకల్ రైలులో సైబరాబాదునకును, నగరమునకును నిత్యము తిరుగు బోరబండ యువకులు ఒక ఆదివారము సుల్తాను బజారువైపు వెళ్లి, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును దర్శించి, ఆ గ్రంథమును చదువవలెనని నా కోరిక.