ఉతుకు, ఆరవేత, ఇస్త్రీ: ప్రతి ఇంటికీ తెలియవలసిన విషయాలు

బట్టలు ఉతకడం, ఆరవేయడం, ఇస్త్రీ చేయడం ప్రతి కుటుంబానికీ నిత్యకృత్యాలు. ఈ మూడింటిలో ఉతకడంపై ఉన్నంత శ్రద్ధ ఆరవేయడంపై సాధారణంగా కనిపించదు. కాని బట్ట మన్నిక, ఒంటి ఆరోగ్యం, కరెంటు ఖర్చు చాలావరకు ఆరవేతపైనే ఆధారపడి ఉంటాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఇనుప తీగ దండెంపై తడి బట్టలు వేస్తూ విద్యుదాఘాతంతో ప్రాణాలు కోల్పోయినవారి వార్తలు వానాకాలంలో సరిహద్దుకు ఇరువైపులా వస్తూనే ఉన్నాయి. సులభంగా నివారించదగిన మరణాలివి. ఈ కారణం వల్ల బట్టల సంరక్షణలోని ముఖ్యాంశాలను ఇక్కడ వరుసగా తెలుపుతున్నాము.

మన మాటలు, పొరుగు మాటలు

ఉతికి తెల్లగా చేయడాన్ని తెలుగులో ‘చలువ చేయడం’ అంటారు. తమిళంలోని ‘సలవై’ ఈ మాటకు బంధువే. ఈ పనిని తరతరాలుగా నిర్వహించిన రజకులను కన్నడంలో అగస, మడివాళ అనీ, తమిళంలో వణ్ణార్ అనీ, మరాఠీలో పరీట్ అనీ, ఒడియాలో ధోబా అనీ వ్యవహరిస్తారు. పన్నెండవ శతాబ్దంలో బసవేశ్వరుని కాలంలో జీవించిన శివశరణుడు మడివాళ మాచిదేవుడు ఈ వృత్తికి చెందినవాడే. ‘ఇస్త్రీ’ అనే మాట మాత్రం ఈ భాషలలో దేనికీ సొంతం కాదు. సాగదీయడమనే అర్థం గల పోర్చుగీసు పదం నుండి అది భారతీయ భాషలలోకి వచ్చింది.

సబ్బులు అంగళ్ళకు రాని కాలంలో రజకులు చౌడు మట్టిని వాడేవారు. అందులోని క్షారం జిడ్డును కరిగించేది. పట్టుబట్టలకు కుంకుడు రసం వాడేవారు. ఆ పద్ధతి నేటికీ పనికివస్తుంది.

నీటిని బట్టి ఉతుకు

లోతైన బోరుబావుల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు తరచుగా ఎక్కువగా ఉంటాయి. మన బడులలో దీనిని కఠిన జలం అని బోధిస్తారు. కన్నడ పాఠాలలో ఇది ‘గడసు నీరు’. ఈ నీటిలో సబ్బు నురగ రాదు. లవణాలతో కలిసి తెల్లని తెట్టుగా మారి పోగులలో చేరుతుంది. తెల్లచొక్కా కొద్దినెలలకే మాసిన రంగుకు రావడానికీ, ఆరిన బట్ట అట్టలా బిరుసెక్కడానికీ ఇది ఒక కారణం. సబ్బు ఇంకా రుద్దితే తెట్టు పెరుగుతుందే గాని తెలుపు రాదు.

దీనికి మార్గాలు మూడు. మొదటిది, కఠిన జలంలో సబ్బు బిళ్ళ కన్నా డిటర్జెంటు పొడి మెరుగుగా పనిచేస్తుంది. రెండవది, నూలు బట్టలు నానబెట్టే నీటిలో ముందుగా కొద్దిగా బట్టల సోడా కలిపితే లవణాలు విడిపోతాయి. పట్టు, ఉన్ని బట్టలకు సోడా తగలనీయరాదు, క్షారం ఆ పోగులను దెబ్బతీస్తుంది. మూడవది, వాననీరు దొరికిన రోజున చివరి జాడింపు ఆ నీటితో చేయాలి. వాననీటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు.

తెలుపు చేసే బ్లీచింగు ద్రావణాన్ని మరుగుదొడ్డి శుభ్రపరచే ఆమ్లంతో గాని, వెనిగర్‌తో గాని ఎన్నడూ కలపరాదు. ఆ కలయిక నుండి వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

ఎండ చేసే పని

తడిబట్ట ఆరడానికి కావలసినవి వేడి, గాలి, పొడి వాతావరణం, విప్పార్చిన వైశాల్యం. బళ్ళారిలో వేసవి మధ్యాహ్నం కొద్దిసేపట్లో ఆరిపోయే పంచె గోదావరి తీరాన యానాంలో అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. రెండుచోట్లా ఎండ ఉన్నా, యానాం గాలిలో తేమ ఎక్కువ. అందుచేత తీరప్రాంతంలో ఎండ కన్నా గాలి వీచే దిక్కును చూసి దండెం కట్టుకోవడం మేలు. బట్టను నాలుగు మడతలుగా వేయక, ఒకే పొరగా పరచి, రెండు బట్టల నడుమ జానెడు ఎడం ఉంచాలి.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు కొన్ని సూక్ష్మజీవులను నశింపజేస్తాయి. పూర్తిగా పొడిగా ఉన్న బట్టలో బూజు పెరగదు. లోదుస్తులు, సాక్సులు, తువ్వాళ్ళు తడితడిగా ధరిస్తే లేక వాడితే తామర వంటి చర్మవ్యాధులకు అవకాశం పెరుగుతుంది. ఇంటిలో ఒకరికి తామర ఉంటే వారి తువ్వాలును వేరుగా ఉంచి, వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరవేయాలి. వైద్యం దీనికి అదనంగా అవసరమే.

ఎండ మహిమను తెలిపే చక్కని ఉదాహరణ పసుపు మరక. పసుపు అంటిన బట్టకు సబ్బు తగలగానే మరక ఎర్రబారుతుంది. సబ్బులోని క్షారానికి పసుపు రంగు మార్చుకుంటుంది గనుక భయపడనక్కరలేదు. బాగా జాడించి ఎండలో వేస్తే, పసుపులోని రంగు పదార్థం వెలుతురును తట్టుకోలేక క్రమంగా వెలిసిపోతుంది.

అదే ఎండ రంగుబట్టలను కూడ వెలిసిపోజేస్తుంది. కనుక ముదురు రంగులను తిరగేసి నీడలో, గాలి తగిలేచోట ఆరవేయాలి. సరిహద్దు ఊళ్ళ నేతబట్టలకు ఇది మరీ ముఖ్యం. మొలకాల్మూరు, బరంపురం పట్టుచీరలను పిండి మెలితిప్పక, నీడలోనే ఆరనీయాలి. తెలంగాణ నుండి వలస వెళ్ళిన పద్మశాలీల చేతులమీదుగా పేరుగాంచిన షోలాపూరు దుప్పట్లను, తువ్వాళ్ళను బాగా దులిపి ఎండలోనే వేయవచ్చు. తువ్వాళ్ళకు గంజి పెట్టరాదు, అవి నీరు పీల్చే గుణాన్ని కోల్పోతాయి.

ఆరబెట్టే యంత్రం: అవసరమా?

ఇక్కడ ఒక పొరపాటును సరిచేయాలి. రెండు తొట్ల వాషింగ్ మెషీన్‌లో రెండవదానిని మనవారు ‘డ్రయ్యర్’ అని పిలుస్తారు. అది బట్టను వేగంగా తిప్పి నీటిని వెలికి నెట్టే పిండుడు తొట్టి మాత్రమే. అందులోనుండి తీసిన బట్ట తడిగానే ఉంటుంది. మడతపెట్టి పెట్టెలో ఉంచితే ముక్కవాసన తప్పదు.

అసలైన ఆరబెట్టే యంత్రం వేరు. అందులో బట్టలు దొర్లుతూ ఉండగా వేడిగాలి వాటిగుండా పోయి నీటిని ఆవిరి చేస్తుంది. అమెరికా, కెనడాలలో నివసించే మన పిల్లల ఇళ్ళలో ఇది సర్వసాధారణం. మంచుకాలం దీర్ఘంగా ఉండే చోట, చంటిపిల్లల ఇంట అది నిజమైన సౌకర్యమే.

మన ఊళ్ళకు అవసరమా అన్నది లెక్కతో తేల్చుకోవచ్చు. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.7 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి కావాలి. పిండిన తరువాత ఒక విడత బట్టలలో 4 లీటర్ల నీరు మిగిలిందనుకుంటే, దానికి 2.8 యూనిట్లు. 9 వాట్ల బల్బును 300 గంటలకు పైగా వెలిగించగల విద్యుత్తు అది. పాత రకపు యంత్రంలో వృథా కూడా కలిసి ఖర్చు ఇంకా పెరుగుతుంది. ‘హీట్ పంపు’ రకం వేడిని తిరిగి వాడుకొని దాదాపు సగంతో సరిపెడుతుంది గాని, దాని వెల అధికం. మన దండెంపై సూర్యుడు ఈ వేడిని ఉచితంగా ఇస్తున్నాడు.

యంత్రపు వేడికి నూలు బట్ట కుంచించుకుపోవచ్చు, ఎలాస్టిక్ వదులవుతుంది. పట్టు, జరీ అందులో వేయరాదు. యంత్రపు జల్లెడలో చేరే నూగు బట్టనుండి ఊడిన పోగులే. ఆ నూగును ప్రతిసారీ తీయకపోతే నిప్పు అంటుకొనే ప్రమాదం ఉన్నది. విదేశాలలోని పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి. అక్కడి కొన్ని నివాస సంఘాలు పెరట్లో బట్టలు ఆరవేయడాన్ని నిషేధించగా, ఫ్లోరిడా, వెర్మాంట్, మేరీలాండ్ వంటి రాష్ట్రాలు ఆరవేసుకొనే హక్కును కాపాడుతూ చట్టాలు చేశాయి.

దండెం ప్రాణం తీయకూడదు

దండెంలోకి కరెంటు వచ్చే మార్గాలు సాధారణంగా ఇవి. స్తంభం నుండి ఇంటికి వచ్చే సర్వీసు తీగ దండేనికో, రేకుల కప్పుకో ఆనుకొని, ఎండకూ రాపిడికీ పైతొడుగు చిట్లడం. పెరటి బల్బు తీగను దండెం వెంట చుట్టి తీసుకుపోవడం. దండేన్ని కరెంటు స్తంభానికి గాని, దాని ఆధారపు తీగకు గాని కట్టడం. వానలో ఇవన్నీ తడుస్తాయి. ఇనుప తీగ, తడి బట్ట, తడి చేయి, తడి నేల కలిసి కరెంటుకు దారి ఏర్పడుతుంది. ఒకరు పడిపోగానే కాపాడబోయి తాకిన రెండవవారు కూడ మరణించిన సంఘటనలు అనేకం.

కాబట్టి ఈ జాగ్రత్తలు ప్రతి ఇంటా పాటించాలి.

1. ఇనుప తీగను తీసివేసి నైలాన్ తాడు గాని, కొబ్బరి పీచు తాడు గాని కట్టండి. ప్లాస్టిక్ తొడుగు గల తీగలో లోపల లోహమే ఉంటుంది, తొడుగు పగిలితే అదీ ప్రమాదమే.

2. తాడైనా తడిస్తే పూర్తి రక్షణ కాదు. సర్వీసు తీగకు, మోటారు తీగకు, రేకుల కప్పుకు దూరంగా కట్టండి.

3. దండెం తాకినప్పుడు జివ్వుమనిపిస్తే అది హెచ్చరిక. వెంటనే మెయిన్ ఆపి, విద్యుత్తు సిబ్బందికి తెలిపి సరిచేయించండి. రేపు చూద్దామనుకోవద్దు.

4. ఇంటికి ఎర్తింగు ఉన్నదో లేదో పరీక్ష చేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజిని పసిగట్టి కరెంటును ఆపే ఆర్.సి.సి.బి. అనే పరికరాన్ని అమర్చుకోండి.

5. ఎవరికైనా షాకు తగిలితే వారిని చేతితో తాకవద్దు. మొదట మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే పొడిచోట నిలబడి పొడి కర్రతో విడదీయండి. పిమ్మట 108కి గాని, 112కి గాని ఫోను చేయండి. ఊపిరి ఆడకపోతే అంబులెన్సు వచ్చేవరకు ఛాతీ నడుమ గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.

ఈ విషయాలను పిల్లలకు కూడ నేర్పాలి. బడినుండి వచ్చి తడిసిన యూనిఫాం దండెంపై వేసేది తరచు వారే.

వానాకాలంలో, చాటున ఆరే బట్టలు

కొరాపుట్, రాయగడ, సిరొంచ ప్రాంతాలకు జూన్ నుండి సెప్టెంబరు వరకు, తమిళనాడు తీరానికి అక్టోబరు నుండి డిసెంబరు వరకు ప్రధాన వర్షకాలం. ఆ రోజులలో విడతకు కొద్ది బట్టలే ఉతికి, బాగా పిండి, కిటికీ తెరచిన గదిలో పంకా గాలికి ఆరవేయాలి. మూసిన గదిలో ఆరవేస్తే ఆ తేమ గోడలకు చేరి బూజు పడుతుంది. పొయ్యిమీదుగా దండెం కట్టడం అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.

స్త్రీలు నెలసరి రోజులలో వాడే గుడ్డలను మంచం కిందనో, ఇతర బట్టల అడుగుననో దాచి ఆరవేయడం చాలా ఇళ్ళలో అలవాటు. వాటికే ఎండ అన్నిటికన్నా ఎక్కువ అవసరం. ముందు చన్నీటిలో జాడించి, సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరనీయాలి. వేడినీరు మొదటే పోస్తే మరక పట్టుకుంటుంది. పెరటిలో ఎండపడే మూలన ఆడపిల్లల కోసం ఒక తాడు కట్టి ఇవ్వడం పెద్దల బాధ్యత. ఇందులో సిగ్గుపడవలసినది ఏదీ లేదు.

ఇస్త్రీ

నూలు పోగులలోని అణువుల మధ్య ఉండే బంధాలు నీటికీ, వేడికీ సడలి, ఆరి చల్లారినప్పుడు మళ్ళీ బిగుసుకుంటాయి. ముడతలో బిగుసుకుంటే ముడత నిలుస్తుంది, ఇస్త్రీపెట్టె కింద బిగుసుకుంటే చదును నిలుస్తుంది. అందుకే నూలు బట్టను కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. ఆరవేసే ముందు గట్టిగా దులిపి, అంచులు సరిచేస్తే ఇస్త్రీ పని సగం తగ్గుతుంది.

బట్ట చీటీపై ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలకు 150, మూడు చుక్కలకు 200 డిగ్రీల సెల్సియస్ వేడి అని గుర్తు. నైలాన్‌కు ఒకటి, పట్టు, పాలియెస్టరుకు రెండు, నూలుకు మూడు చుక్కలు. పట్టుచీరను తిరగేసి పైన పలుచని నూలుగుడ్డ పరచి చేయాలి. నీరు చల్లితే మచ్చలు పడవచ్చు. తక్కువ వేడి బట్టలతో మొదలుపెట్టి నూలుతో ముగిస్తే కరెంటు ఆదా అవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గునే వాడాలి. తడిచేతులతో తాకరాదు.

బొగ్గుల ఇస్త్రీపెట్టెను మూసిన గదిలో వాడరాదు, దానినుండి విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. బొగ్గుకు బదులు ఎండనే వాడుకొనే సౌర ఇస్త్రీబండిని తమిళనాడులోని తిరువణ్ణామలైకి చెందిన విద్యార్థిని వినీషా ఉమాశంకర్ రూపొందించింది. ఆమె 2021లో ఎర్త్‌షాట్ పురస్కారపు తుది జాబితాలో నిలిచి, అదే సంవత్సరం గ్లాస్గోలో జరిగిన వాతావరణ సదస్సులో ప్రసంగించింది.

ఎండ, గాలి మన వాకిట ఉన్నంతకాలం వేరొక యంత్రం తప్పనిసరి కాదు. వాటిని వాడుకొనే తాడు మాత్రం సురక్షితమైనదై ఉండాలి. ఈ వారం మీ ఇంటి దండేన్ని ఒకసారి పరిశీలించండి. అది ఇనుప తీగ అయితే, వానలు రాకముందే మార్చండి.