బండి ఇచ్చాం కదా!

2023 డిసెంబరులో నేను విజయవాడ వెళ్ళేసరికి మా చెల్లెలు కొత్త స్కూటరు కొని సుమారు నెల రోజులయింది. పటమటలో ఇల్లు, కంకిపాడు దగ్గర తను పాఠాలు చెప్పే బడి. రానూ పోనూ రోజుకి పాతిక కిలోమీటర్ల పైమాటే.

"మొదటి సర్వీసు చేయించాలన్నయ్యా. ఒక్క రోజు బస్సులో వెళ్తాను. నువ్వు ఎలాగూ ఖాళీయే కదా" అంది. అమెరికా నుంచి వచ్చినవాడికి ఏ పనీ ఉండదని మనవాళ్ళకి గట్టి నమ్మకం. "వెనక బ్రేకు కొంచెం లూజుగా ఉందని చెప్పడం మర్చిపోకు" అని కూడా అంది.

పొద్దున్నే తొమ్మిదింటికి షోరూముకి వెళ్ళాను. ముందు అద్దాల గది, ఏసీ, సోఫాలు. కొనేవాళ్ళకి అదీ మర్యాద. సర్వీసు షెడ్డు మాత్రం వెనక సందులో ఉంది. అక్కడి కుర్రాడు జాబ్ కార్డు మీద రెండు టిక్కులు పెట్టి, సంతకం చెయ్యమన్నాడు. "బ్రేకు సంగతి రాయలేదే?" అన్నాను. "వాళ్ళే చూస్తారు సార్" అన్నాడు. సాయంత్రం ఆరింటికి బండి తళతళలాడుతూ వచ్చింది. కూలి సున్నా. ఎంతయినా ఫ్రీ సర్వీసు కదా! ఆయిలు, పాలిషు, 'కన్సూమబుల్స్' అనే ఇంకో పద్దు, అన్నీ కలిపి ఎనిమిది వందల తొంభై రూపాయలు.

మర్నాడు సాయంత్రం చెల్లెలు మొహం వేలాడేసుకుని వచ్చింది. బండి లాగడం లేదుట, ఏదో కాలిన వాసన వస్తోందిట. మలుపులో ఇసక మీద బ్రేకు మెల్లిగా నొక్కితే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి బండి పక్కకి జారింది. కాలు ఆన్చి ఆపుకోగలిగింది. "పడలేదు లేరా" అని తనే నాకు ధైర్యం చెప్పింది. ఆ వెనకే లారీ వస్తోందన్న సంగతి రాత్రి భోజనాల దగ్గర గానీ బయటికి రాలేదు.

మా వీధి చివర ఒక మెకానిక్ ఉన్నాడు. చిన్నప్పుడు ఆటోనగర్లో పని నేర్చుకున్నవాడు. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి వెనక చక్రం తిప్పబోతే కదల్లేదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ వరకూ ఉన్న కొత్త బళ్ళకి రెండు బ్రేకుల్నీ కలిపే ఏర్పాటు తప్పనిసరి. ఎడమ లీవరు నొక్కితే వెనక చక్రంతో పాటు ముందు చక్రం కూడా పట్టాలి. లూజుగా ఉందన్నాం కదా అని ఎవరో వెనక నట్టుని పట్టి బిగించేశారు. ముందుది పట్టేలోపే వెనకది పట్టేస్తోంది. అతను నట్టు నాలుగు చుట్లు వదులు చేశాక చక్రం తిరిగింది.

తర్వాత ఆయిలు కొలిచే పుల్ల తీసి, తెల్ల గుడ్డకి తుడిచి చూపించాడు. నల్లగా ఉంది. అందులో సన్నటి ఇనప రజను మెరుస్తోంది. కొత్త ఇంజనులో భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని ఆ రజను రాలుతుంది. మొదటి సర్వీసులో ఆయిలు తప్పకుండా మార్చమనేది అందుకే.

"మార్చలేదండీ. బిల్లు వేశారా?" అన్నాడు.

"నువ్వే మార్చెయ్యి" అన్నాను.

"నేను చెయ్యి పెడితే వారంటీ పోయిందంటారు. వాళ్ళ చేతే మార్పించుకోండి" అని, నట్టు తిప్పినందుకు డబ్బులు కూడా తీసుకోలేదు.

మళ్ళీ షోరూముకి వెళ్ళాను. నా మాట వినకుండానే వాళ్ళడిగిన మొదటి ప్రశ్న, "బయట చూపించారా?" అని. కాసేపు వాదించుకున్నాక అక్కడి పెద్దాయన విసుగ్గా అన్నాడు: "కొత్త బండి ఇచ్చాం కదా సార్! ఓ వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అన్నీ అవే సర్దుకుంటాయి."

సరిగ్గా ఈ మాటే నలభై రెండేళ్ళ కిందట ఇదే ఊళ్ళో మా నాన్నగారితో ఇంకొకరు అనగా విన్నాను. ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

స్కూటరు మనకి ఇటలీ నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పియాజియో కంపెనీ విమానాల ఫ్యాక్టరీ బాంబులకి నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక జనానికి చవకగా తిరగడానికి ఏదైనా కావాలని, హెలికాప్టర్లు తయారుచేసిన కొరాడినో దస్కానియో అనే ఇంజనీరు చేత ఒక బండి గీయించారు. 1946 ఏప్రిల్లో దానికి పేటెంటు అడిగారు. పేరు వెస్పా, అంటే కందిరీగ. మరుసటేడు మిలాను నుంచి లాంబ్రెట్టా వచ్చింది. 1948లో బజాజ్ వాళ్ళ వ్యాపార సంస్థ వెస్పాల్ని మన దేశానికి దిగుమతి చేసుకోవడం మొదలుపెట్టింది. 1950ల్లో బొంబాయిలో ఏపీఐ కంపెనీ లాంబ్రెట్టాలు బిగించసాగింది. 1959లో బజాజ్‌కి స్వయంగా తయారుచేసుకునే లైసెన్సు వచ్చింది. 1971లో పియాజియోతో ఒప్పందం ముగిశాక, 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది.

కొనేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. తయారయ్యేవి మాత్రం లైసెన్సులో రాసినన్నే. అంతకు మించి చెయ్యాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం వచ్చాక పెద్ద కంపెనీలకి ఆ అనుమతి మరీ గగనమైంది. దేశానికి కావలసిన సరుకు ఎక్కువ తయారుచేసినందుకు జైల్లో పెడితే సంతోషంగా వెళ్తానని రాహుల్ బజాజ్ అన్నారంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. అమ్మకం కూడా స్వేచ్ఛగా ఉండేది కాదు. స్కూటర్ల పంపిణీ, అమ్మకాల మీద 1960లోనే నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ కోటా వేరు, మామూలు జనం క్యూ వేరు. చేతక్ కోసం పదేళ్ళు ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. వాడిన బండి కొత్తదానికంటే ఎక్కువ ధర పలికేది. పెళ్ళి సంబంధాల్లో స్కూటరు ఒక పద్దు అయిందంటే అయింది మరి.

లోటు తీర్చడానికి ప్రభుత్వాలూ రంగంలోకి దిగాయి. 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టి, ఇటలీలోని లాంబ్రెట్టా యంత్రాల్నే కొని తెచ్చారు. అక్కడ విజయ్ సూపర్ తయారైంది. సతారాలో మహారాష్ట్ర స్కూటర్స్ ప్రియని తయారుచేసింది. మన హైదరాబాదు నుంచి ఆల్విన్ పుష్పక్ వచ్చింది. పురాణాల్లో పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందట. ఈ పుష్పకం మీద కూడా నలుగురైదుగురు కుటుంబంతో సహా వెళ్ళడం చూసినవాళ్ళకి ఆ పేరు తప్పనిపించదు. కానీ జనం మనసు మాత్రం చేతక్ మీదే.

మా నాన్నగారు విద్యుత్ బోర్డులో గుమాస్తా. 1973లో పోస్టాఫీసులో 250 రూపాయలు డిపాజిట్టు కట్టి, పాసుబుక్కు డీలరుకి అప్పగించి, బండి బుక్ చేశారు. ఏడాదికోసారి వెళ్ళి తన నంబరు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కునేవారు. ఎనిమిదేళ్ళు గడిచినా వంతు రాలేదు. చివరికి 1981లో డెట్రాయిట్‌లో ఉండే మా చిన్నమావయ్య డాలర్లు పంపించాడు. విదేశీ మారకద్రవ్యం చెల్లించినవాళ్ళకి క్యూతో పని లేకుండా బండి ఇచ్చే కోటా ఒకటుండేది. ఎనిమిదేళ్ళలో రానిది రెండు నెలలు తిరక్కుండా వచ్చేసింది. దేశంలో డాలరుకి ఉన్న విలువ నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే. తొమ్మిదేళ్ళ తర్వాత నేను విమానం ఎక్కడానికి ఆ బూడిదరంగు చేతక్ కూడా ఒక కారణమేమో!

బండి తేవడానికి నాన్నగారి వెంట నేనూ వెళ్ళాను. స్పీడోమీటరు ముల్లు కదలడం లేదు. స్టెప్నీ టైరులో గాలి లేదు. కిక్కు కొట్టగా కొట్టగా పదిహేనోసారికి స్టార్టయింది. నాన్నగారు నెమ్మదిగా ఆ మాట ఎత్తితే డీలరు, "బండి ఇచ్చాం కదండీ! మీ వెనక ఎంతమంది ఉన్నారో తెలుసా?" అన్నాడు. నాన్నగారు అతనికి నమస్కారం పెట్టి, తెచ్చిన స్వీటు డబ్బా చేతికిచ్చారు. డబ్బిచ్చి కొనుక్కున్న మనిషి, దానం పుచ్చుకున్నవాడిలా వంగి నిలబడ్డాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆ నమస్కారం నాకిప్పటికీ గుర్తే.

అలాంటి రోజుల్లో సర్వీసు అన్న మాటకి విలువేముంటుంది? సరుకు దానంతటదే అమ్ముడుపోయేవాడికి కొన్నవాడి బాగోగులతో పనేమిటి? ఆ ఖాళీని పూరించినవాళ్ళు వీధి మెకానిక్కులు. చేతక్ రెండు స్ట్రోకుల బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. ప్లగ్గుకి మసి పడితే తీసి తుడవాలి, సైలెన్సరులో కార్బను గోకాలి, తెగిన కేబులు మార్చాలి. చెట్టు కింద గోనెపట్టా పరుచుకుని, నాలుగు స్పానర్లతో ఇవన్నీ చేసేవాళ్ళు. ఏ బండికి ఏ రోగమో చప్పుడు విని చెప్పేవాళ్ళు. దేశాన్ని నడిపించింది లైసెన్సులు కాదు, ఆ నల్లటి చేతులు.

1980ల నడిమికి కాలం మారింది. కాన్పూరు నుంచి ఎల్ఎంఎల్ వెస్పా, గేర్లు లేకుండా బటన్ నొక్కితే స్టార్టయ్యే కైనెటిక్ హోండా వచ్చాయి. 1991 సంస్కరణల తర్వాత లైసెన్సుల గొడవ వదిలింది. 2001లో యాక్టివా రోడ్డెక్కింది. 2000ల నడుమ పాత చేతక్ ఆగిపోయింది. 2020లో అదే పేరుతో కరెంటు బండి వచ్చింది. ఇప్పుడు షోరూముకి వెళ్తే పదిమంది చుట్టూ చేరి కాఫీ ఇస్తారు, అప్పు ఇప్పిస్తారు, అరగంటలో బండి ఇస్తారు. క్యూ పోయిందని అందరం సంతోషించాం.

పోలేదు. షోరూము ముందు నుంచి లేచి వెనక సందులోని సర్వీసు షెడ్డు ముందుకి వెళ్ళి నిలబడింది. కొనేటప్పుడు మనకి పది కంపెనీలున్నాయి. కొన్నాక మాత్రం ఆ కంపెనీ షెడ్డే గతి. ఫ్రీ సర్వీసు కూపన్లూ, వారంటీ షరతులూ కలిసి మనని అక్కడ కట్టేస్తాయి. దానికితోడు 2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక స్కూటర్లలో కార్బ్యురేటరు పోయి, కంప్యూటరుతో నడిచే ఇంధన ఇంజెక్షను వచ్చింది. పొగ తగ్గింది, మంచిదే. కానీ చప్పుడు విని రోగం చెప్పే మెకానిక్ దగ్గర ఆ కంప్యూటరుని చదివే స్కానరు ఉండదు.

షెడ్డు కుర్రాళ్ళని కూడా పూర్తిగా తప్పుపట్టలేను. రోజుకి ఇన్ని బళ్ళు చెయ్యాలని లెక్క. ఉచిత సర్వీసులో డీలరుకి మిగిలేది ఆయిలు మీదా పాలిషు మీదా. అందుకే బండి తళతళలాడుతుంది, నట్టు సంగతి ఎవరికీ పట్టదు.

అమెరికాలో డీలర్లు ధర్మరాజులని చెప్పబోవడం లేదు. నా కార్లకి అవసరం లేని పనులు చేసి డబ్బు గుంజినవాళ్ళున్నారు. కానీ ఇక్కడ 1975 నుంచి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. తాము ఉచితంగా చేసే పని అయితే తప్ప, మా దగ్గరే సర్వీసు చేయించుకుంటేనే వారంటీ అని కంపెనీ షరతు పెట్టకూడదు. మన దేశంలోనూ 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోనే కేసు వెయ్యొచ్చు, అయిదు లక్షల లోపు సరుకైతే ఫీజు కూడా లేదు. 1915 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం, మరమ్మతు చేయించుకునే హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టింది. 2024లో ఒక కరెంటు స్కూటర్ల కంపెనీ మీద ఏడాదిలో పదివేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయని వినియోగదారుల ప్రాధికార సంస్థ నోటీసు కూడా ఇచ్చింది. అంటే నోరు విప్పేవాళ్ళు పెరుగుతున్నారన్న మాట.

ఇదంతా ఆ రాత్రే చెల్లెలికి చెప్పాను, 2024 సంగతి తప్ప. కేసు వేద్దామన్నాను. అది అన్నం కలుపుతూ నింపాదిగా అంది:

"నువ్వు పై వారం వెళ్ళిపోతావన్నయ్యా. రెండో సర్వీసుకి వాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సింది నేను."

నాకు నోట మాట రాలేదు. నాన్నగారు ఆ రోజు ఎందుకు నమస్కారం పెట్టారో నలభై రెండేళ్ళకి తెలిసింది. అది మంచితనమూ కాదు, అమాయకత్వమూ కాదు. మళ్ళీ వాళ్ళ గడప తొక్కాల్సినవాడి లెక్క అది. డాలర్లు పంపి క్యూ దాటించినంత తేలిక కాదు ఆ లెక్కని దాటించడం.

కేసు వెయ్యలేదు. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆయిలు మార్చారు, క్షమాపణ చెప్పలేదు. నేను అరిచాను గానీ, పని జరిగింది నా అరుపుల వల్ల కాదు. చెల్లెలు బళ్ళో పిల్లల దగ్గర నిలబడినట్టే షెడ్డులో నిలబడి, "బ్రేకు సంగతి కార్డు మీద రాయండి, చదివి సంతకం పెడతాను" అంది. ఆ కుర్రాడు రాశాడు.

2024 మార్చిలో నా ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. తెల్ల చేతిరుమాలు మీద ఆయిలు మరక, తేనె రంగులో. కింద చెల్లెలి మాట: "రెండో సర్వీసు. పక్కనే నిలబడి మార్పించాను. నా వెనక ఇద్దరు టీచర్లు వాళ్ళ కార్డులు కూడా రాయించుకున్నారు."