రామోజీ ఫిల్మ్ సిటీ

రామోజీ ఫిల్మ్ సిటీ హైదరాబాద్–విజయవాడ రహదారి మీద, రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉన్న సినిమా స్టూడియోల సముదాయం. 1996లో మొదలైంది. 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డులకెక్కింది. పేరుకు హైదరాబాద్ స్టూడియోయే గానీ, ఉన్నది ఉమ్మడి నల్లగొండ జిల్లా పొలిమేరలో. అదే రోడ్డున ఇంకాస్త ముందుకు పోతే చౌటుప్పల్ వస్తుంది. రాతిగుట్టలు, తుమ్మచెట్లు, ఎర్రనేల: దక్షిణ తెలంగాణ మెట్ట అంతటా కనిపించే భూమే ఇది.

తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులో పెరిగింది. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు, తుంగతుర్తిలో పుట్టిన డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి వంటి నల్లగొండ జిల్లా నటులకూ మద్రాసు రైలెక్కక తప్పలేదు. హైదరాబాద్ అమీర్‌పేటలో సారథీ స్టూడియోస్ వెలిసి, 1959లో ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా నగరంలోనే తయారైనా పరిశ్రమ వెంటనే కదల్లేదు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చాక ఒక్కొక్కరే రావడం మొదలైంది. అప్పుడు కూడా సెట్టు ఒకచోట, పాట ఒకచోట, ఎడిటింగ్ మరొకచోట.

ఈ తిరుగుడు తప్పించాలన్నదే ‘ఈనాడు’ వ్యవస్థాపకుడు చెరుకూరి రామోజీరావు ఆలోచన. కృష్ణా జిల్లా పెదపారుపూడికి చెందిన ఆయన అప్పటికే ఉషాకిరణ్ మూవీస్ ద్వారా ‘శ్రీవారికి ప్రేమలేఖ’, ‘మయూరి’, ‘ప్రతిఘటన’ తీసిన నిర్మాత. కథ పట్టుకుని గేటు లోపలికి వచ్చిన నిర్మాత తయారైన సినిమాతోనే బయటికి పోవాలన్నది లెక్క. రూపకల్పన కళాదర్శకుడు నితీశ్ రాయ్‌ది.

లోపల తిరిగితే ఆ లెక్క ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. రైల్వేస్టేషన్ ఉంది, బోర్డు మారిస్తే ఊరు మారుతుంది, పట్టాలు మాత్రం ఎక్కడికీ పోవు. ఒకే కట్టడం ఒకవైపు ఆసుపత్రిలా, ఇంకోవైపు మరో భవనంలా కనిపిస్తుంది. కెమెరా ఎటు పెడితే అదే దాని చిరునామా. విమానాశ్రయం, జైలు, గుడి, ఉత్తరాది వీధి, విదేశీ వీధి అన్నీ నడక దూరంలోనే. రోజుకు ఇన్ని సీన్లు తీయాలని కూర్చునే ప్రొడక్షన్ మేనేజర్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

భారీ చిత్రాల పేర్లే బయట వినపడతాయి గానీ, ఈ చోటు ఏడాది పొడుగునా కళకళలాడటానికి టీవీ కూడా ఒక కారణం. 1995లో మొదలైన ఈటీవీ సీరియళ్ల షూటింగులు లైట్‌బాయ్‌లకు, మేకప్‌వాళ్లకు, జూనియర్ ఆర్టిస్టులకు నిలకడైన పని ఇచ్చాయి. 2000లో ఉషాకిరణ్ మూవీస్ కొత్త ముఖాలతో తీసిన ‘చిత్రం’, ‘నువ్వే కావాలి’ ఘనవిజయం సాధించాయి. రెండోదానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా దక్కింది. ‘బాహుబలి’ (2015, 2017)తో దేశమంతా దృష్టి ఇటు మళ్లింది. సాబు సిరిల్ వేసిన మాహిష్మతి సెట్టును షూటింగ్ అయ్యాక పడగొట్టకుండా సందర్శకుల కోసం ఉంచారు. షూటింగ్ చూడాలని వచ్చేవాళ్లలో ఎక్కువమంది సెట్లు చూసి, ఫొటోలు దిగి వెళ్తుంటారు. స్టూడియోకు అదీ ఆదాయమే.

ఇంత భూమి ఒక్కచోట ఉన్నందున వివాదాలూ వెన్నంటే ఉన్నాయి. తెలంగాణ ఉద్యమకాలంలో ఫిల్మ్ సిటీని నాగళ్లతో దున్నిస్తామన్న మాట జనం నోళ్లలో బాగా నానింది. రాష్ట్రం వచ్చాక, 2014 డిసెంబరులో, అదే ఉద్యమాన్ని నడిపి ముఖ్యమంత్రి అయిన కె. చంద్రశేఖరరావు స్వయంగా వచ్చి చూసి మెచ్చుకున్నారు. రాజకీయాల్లో ఇలాంటి మలుపులు మామూలే. 2016లో పద్మవిభూషణ్ అందుకున్న రామోజీరావు 2024 జూన్ 8న కన్నుమూశారు. అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో ఫిల్మ్ సిటీలోనే జరిగాయి.

తెలుగు సినిమాకు ఇది సౌకర్యం ఇచ్చింది, కాస్త బద్ధకమూ నేర్పింది. ఏ ఊరి కథకైనా అదే వీధి, అదే బంగళా కనిపించిన సినిమాలు కొల్లలు. ఇన్ని ఊళ్లను సృష్టించినా, పొరుగునే ఉన్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, ఆలేరు మగ్గాల బతుకులు మాత్రం వెండితెర మీద అరుదుగానే కనిపించాయి. ఆలేరు ప్రాంతంలో నేతకు ముందు నూలు పోగులు చుట్టే ఆసు పనితో తల్లి పడే చేతినొప్పి చూడలేక ఆ పని చేసే యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం జీవితం 2019లో ‘మల్లేశం’గా తెరకెక్కింది. ఫిల్మ్ సిటీ తెరుచుకున్న 23 ఏళ్లకు.