గౌతమీపుత్ర శాతకర్ణి పునర్ముద్రిత రజత నాణెములు

శాతవాహన ప్రభువులలో సుప్రసిద్ధుడగు గౌతమీపుత్ర శాతకర్ణి, పశ్చిమ దక్కనును ఏలుచుండిన క్షహరాత క్షత్రపుడు నహపానుని జయించి, ఆతని వెండి నాణెములనే చేపట్టి, వానిపై తన పేరును తన చిహ్నములను మరల అచ్చొత్తించి చెలామణికి విడిచెను. దక్షిణాపథమున ఒక రాజు యుద్ధవిజయమును వెండి నాణెము చాటుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు.

రోమను చక్రవర్తుల పద్ధతి వేఱు. అగస్టస్ ఈజిప్టును వశపఱచుకొన్న పిమ్మట, క్రీ.పూ. 28 ప్రాంతమున, మొసలి బొమ్మగల దీనారియస్ నాణెములను వెలువరించెను; వెస్పాసియను యూదయా పతనమును, ట్రాజను డేసియా విజయమును శోకించు బందీల రూపమున వెండిపై చిత్రింపించిరి. జయమునకు అచట కొత్త అచ్చే గుర్తు. అయితే సముద్రవర్తకముతో మన దేశమునకు దిగివచ్చిన రోమను వెండిలో అత్యధికభాగము రెండు మాదిరులదే: అగస్టస్ తన మనుమలగు గైయస్, లూసియస్‌లను డాళ్లతో ఈటెలతో నిలిపినది యొకటి, టైబీరియస్ కాలపు ఆసీన స్త్రీమూర్తి గలది మఱియొకటి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో బయల్పడిన పెద్ద నిధియు ముఖ్యముగ ఈ ఇద్దఱు చక్రవర్తులదే. పరమేశ్వరీలాల్ గుప్త దానిని 1965లో ప్రకటించెను. దక్షిణదేశమున లభించిన రోమను నాణెములు కొన్నింటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగ ఉలిగాట్లు పడియుండుట గమనింపదగినది. మనవారికి కావలసినది లోహము. ఆ ముఖము ఎవరిదైన నేమి?

నహపానుని నాణెము రెండు గ్రాములకు కొంచెము మించిన తూకము గలది. ఒకవైపున రాజు తల, చుట్టును గ్రీకు లిపిలో చెడిన అక్షరములు. రెండవవైపున బాణము, వజ్రాయుధము, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపులలో రాజనామము. 1906లో నాసిక్ జిల్లాలోని జోగల్‌తెంబి గ్రామమున ఇట్టివి 13,250 వఱకు ఒకేచోట దొరకెను. వానిని పరిశీలించిన స్కాట్ దొరకు రాజముఖములు ఒకదానితో నొకటి పోలక, అవి ఆ వంశమువారు పలువురివేమో యను సంశయము కలిగెను. ఈ రాశిలో మూడింట రెండువంతులకు పైగా గౌతమీపుత్రుని ముద్ర పడినవే: ఒకవైపున మూడు వంపుల చైత్యము, దానిక్రింద వంకరగీత, ప్రాకృతమున రాజనామము, రెండవవైపున ఉజ్జయినీ చిహ్నము. పాత ముఖము పూర్తిగా చెఱగలేదు. చైత్యపు వంపులనడుమ నహపానుని ముక్కో, కన్నో, తలకట్టులోని గీతలో తొంగిచూచుచునే యుండును.

ఇట్లేల చేసిరి? శత్రువును అవమానించుటకే యనుట తేలిక. కాని శాతవాహనుల సొంత నాణెములు ప్రధానముగ సీసము, పోటిన్, రాగి. అప్పటి మెదకు జిల్లాలోని కొండాపురమును, నేడది సంగారెడ్డి జిల్లాలో చేరినది, హైదరాబాదు సంస్థాన పురావస్తుశాఖ పక్షమున గులాం యాజ్దానీ త్రవ్వించినపుడును, పిమ్మట గోదావరీతీరపు కోటిలింగాలయందును, పెద్దబంకూరునందును బయల్పడిన శాతవాహన నాణెరాశి ముఖ్యముగ అట్టిదే. పశ్చిమమున మాత్రము వర్తకులును విహారములును వెండికి అలవాటుపడియుండిరి. నహపానుని అల్లుడు ఉషవదాతుని నాసిక్ శాసనము సువర్ణమునకు 35 కార్షాపణముల చొప్పున లెక్కకట్టిన దానమును చెప్పుచున్నది. అట్టి విపణిలో కరగించి మరల పోతపోయు వ్యయము లేక, రాజు మాఱెనని తెలుపుచు ధనమును యథాప్రకారము నడపుటకు పునర్ముద్రణమే సులభోపాయము. ప్రతాపప్రకటనమును ఆర్థికవివేకమును ఇచట కలిసియే పనిచేసినవని తలచుట యుక్తము. క్రీ.శ. 132-135 నడుమ రోముపై తిరుగబడిన బార్ కోఖ్బా అనుచరులును రోమను వెండిపైననే తమ అచ్చులు కొట్టిరి.

క్షహరాతులను నిశ్శేషము చేసిన వీరుడని గౌతమీపుత్రుని కీర్తించు నాసిక్ ప్రశస్తిని ఆతని తల్లి గౌతమీ బాలశ్రీ, మనుమడు వాసిష్ఠీపుత్ర పులుమావి పాలనలోని 19వ ఏట చెక్కించెను. అది మాతృప్రేమతో కూడిన రాజస్తుతి గనుక కొంత అతిశయోక్తి యుండవచ్చును; సామాన్యుల చేతులలో తిరిగిన నాణెము ఆ మాటకు నిలిచిన సాక్ష్యము. విచిత్రమేమనగా, ఆ పులుమావియు, తరువాతి యజ్ఞశ్రీ శాతకర్ణియు ఓడిన క్షత్రపుల బాణీనే అనుసరించి, తమ ముఖములతో వెండి నాణెములు వేయించిరి. వానిపై ఒకవైపు ప్రాకృతమును, రెండవవైపు ద్రావిడభాషయును కన్పట్టుచున్నవి.

కాలనిర్ణయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. నహపానుని శాసనములలో 41 మొదలు 46 వఱకు సంవత్సరాంకములు కలవు. అవి శకవర్షములైనచో ఈ జయము క్రీ.శ. 124 ప్రాంతమునకు వచ్చును. పెరిప్లస్ గ్రంథమున పేర్కొనబడిన మంబానస్ నహపానుడే యనువారు ఆతనిని మొదటి శతాబ్దమునకు జరుపుదురు. జోగల్‌తెంబి వెండి ఎవరు ముందో, ఎవరు వెనుకో చెప్పును గాని ఏ యేటనో చెప్పదు.